ఆరు వేళ్ళ పుట్టు

జోలీ అప్పటికే తండ్రి పంచెలు నాలుగు మడతపెట్టి సంచిలో కుక్కేసింది. ఐదోది దండెం మీద ఇంకా తడిగా ఉంది. అది ఆరేదాకా ఆగమని తల్లి పెణ్ణమ్మ అంటే, తన ఇంటికి వెళ్ళేలోపు కారులో కూడా ఆరుతుందని విసురుగా జవాబిచ్చింది.

తండ్రి ఔసేపు వరండాలో పడకకుర్చీలో ఉన్నాడు. నుదుటి మీద ఏడు కుట్లు, వాటి మీద తెల్లటి కట్టు. ఆదివారం చర్చిలో పూజ ముగిశాక పడవరేవు మెట్లు దిగుతూ, ఊరంతా చూస్తుండగా పడిపోయాడు. తాగి పడ్డాడనుకుని ఇద్దరు ముగ్గురు నవ్వారు కూడా. ఆస్పత్రిలో వేలు గుచ్చి చూస్తే షుగర్ ముప్పై ఎనిమిది. ఇంకాస్త ఆలస్యమైతే ఏమయ్యేదో చెప్పలేనన్నాడు డాక్టరు. రెండు రోజులు ఉంచుకుని ఈ మంగళవారం పొద్దున ఇంటికి పంపారు.

తప్పు ఎవరిదన్న విషయంలో జోలీకి సందేహమే లేదు. వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డ తమ్ముడి భార్య సెలిన్ వైపు చూడకుండానే ఆమెనే తిడుతోంది.

సెలిన్ నర్సు. మూడేళ్ళుగా ప్రతి గురువారం సాయంత్రం చర్చి హాల్లో షుగరు మనుషులకు పిండి లెక్క నేర్పుతోంది. కంచంలో ఉన్న అన్నంలోనో, అప్పంలోనో, ఉడికించిన కర్రపెండలంలోనో పిండిపదార్థం ఎన్ని గ్రాములుందో చూసి చెప్పగలగాలి. ఇన్సులిన్ వాడేవాళ్ళు దానికి సరిపడా వేసుకోవాలి. మాత్రలతో నెట్టుకొచ్చేవాళ్ళు ఆ లెక్కను మూడు పూటలకూ సమంగా పంచుకోవాలి. ముప్పై రెండు మంది నేర్చుకుంటున్నారు. వాళ్ళందరిలోకీ మొదట చేరినవాడు, అందరికంటే బాగా నేర్చుకున్నవాడు ఆమె మామగారే.

“మా అప్పచ్చన్ కంచంలో స్కేలు పెట్టి కొలిచావు. కొలిచి కొలిచి చివరికి మెట్ల మీద పడుకోబెట్టావు,” అంది జోలీ.

“డోసు నేను రాయలేదు చేచ్చీ. డాక్టరు రాశారు. తిన్నదాన్ని లెక్కపెట్టడమే నేను నేర్పాను.”

“ఆ లెక్కే తప్పంటున్నాను.”

రెండు రోజులుగా సెలిన్ కూడా ఆ తప్పే వెతుకుతోంది.

భర్త సిబి ఖాకీ చొక్కా గుండీలు పెట్టుకుంటూ బయటికి వచ్చాడు. ప్రభుత్వ బస్సు డ్రైవరు. నువ్వేమంటావురా అని అక్క నిలదీస్తే, బండి తీసే వేళయిందని అన్నాడు. “పెళ్ళాం ముందు నోరు లేవదు, హారన్ మాత్రం బాగా మోగిస్తాడు,” అంది జోలీ. అతను విననట్టే చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. వెళ్తూ సెలిన్ ముఖం కూడా చూడలేదు.

జోలీ సంచి జిప్పు లాగి తండ్రి ముందు పెట్టింది. లేవమంది.

ఔసేపు కుర్చీలోంచి కదల్లేదు.

“గురువారం క్లాసుకి వెళ్ళాక వస్తాను.”

“ఇంకా క్లాసా?”

“నేను లెక్క తప్పి పడ్డానని రేవులో చెప్పుకుంటున్నారట. నేను తప్పలేదు. అది తేలాలి.”

అంతే, కళ్ళు మూసుకున్నాడు. జోలీ సంచిని కాలితో గోడవైపు నెట్టింది. పెణ్ణమ్మ దండెం మీది పంచెను తిరగేసి ఆరవేయడానికి వెళ్ళింది.

మధ్యాహ్నం సెలిన్, మామగారు రోజూ తిండీ షుగరూ రాసుకునే పుస్తకం తెరిచింది.

ఔసేపు ముప్పై ఏళ్ళు కల్లు దుకాణం వంటిల్లు నడిపిన మనిషి. ఆయన వండిన బాతు కూర కోసం, చేపల పులుసు కోసం నాలుగు ఊళ్ళ నుంచి పడవల్లో వచ్చేవాళ్ళు. ఉప్పు ఎంతో, చింతపండు ఎంతో చేతివేళ్ళకే తెలిసిన ఆయనకి పిండి లెక్క పట్టుబడటం ఎంతసేపు? పొద్దున పుట్టు వేళ్ళతో కొలిచేవాడు. గొట్టంలో ఆవిరి మీద ఉడికి బయటికొచ్చిన బియ్యప్పిండి పుట్టు ఒక్కో వేలి మందానికి పది గ్రాముల పిండి. ఆరు వేళ్ళంటే అరవై, దానికి ఇన్సులిన్ పది యూనిట్లు. పుస్తకంలో రోజూ అదే, గుండ్రటి అక్షరాల్లో.

మధ్యాహ్నం షుగరు బాగుంది. రాత్రి బాగుంది. పొద్దున తిన్న రెండు గంటలకి చూసినవే కిందికి జారుతూ వచ్చాయి. తొంభై రెండు, ఎనభై నాలుగు, డెబ్భై ఒకటి, అరవై ఆరు. ప్రతి అంకె కిందా ఆయన సంతోషంగా గీత గీసుకున్నాడు. తగ్గడమే గెలుపనుకున్నాడు. షుగరు పడిపోతే నోట్లో వేసుకోవడానికి చొక్కా జేబులో ఎప్పుడూ చక్కెర బిళ్ళలు పెట్టుకోమని సెలిన్ చెప్పింది. ఆదివారం ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు, బిళ్ళలు పాత చొక్కాలో ఉండిపోయాయి.

డెబ్భైకి దిగినప్పుడే ఆమె చూసి ఉంటే ఆ డోసు ఆపించేది. నెల రోజులుగా ఈ పుస్తకం ఆమె తెరవలేదు. ఊళ్ళో ముప్పై ఒక్క పుస్తకాలు దిద్దుతూ, ఇంట్లో పుస్తకం ఆయనే చూసుకుంటాడులే అనుకుంది.

పొద్దున పూట ఒక్కటే. పుట్టు ఒక్కటే.

లేచి వంటింట్లోకి వెళ్ళింది. పుట్టుపిండి డబ్బా మూత తీసి చేయి పెట్టింది. తెల్లగానే ఉంది. వేళ్ళ మధ్య నలిపింది. వేయించిన బియ్యప్పిండి ఇసుకలా గరగరమంటూ జారాలి. ఇది పీచుపీచుగా వేళ్ళకి అంటుకుంది. వాసన చూసింది. కొబ్బరి.

కొబ్బరిపాలు పిండేశాక మిగిలే పిప్పి. ఎండబెట్టి దంచితే పిండిలాగే ఉంటుంది. ఆ ఇంట్లో దాన్ని కోళ్ళకి వేస్తారు. దాంట్లో పిండిపదార్థం లేదనే చెప్పాలి.

ఔసేపు అరవై గ్రాములకి ఇన్సులిన్ వేసుకుని, ముప్పై గ్రాములు తింటున్నాడు.

వెనక అడుగుల చప్పుడైంది. పెణ్ణమ్మ పెరటి తలుపు దగ్గర ఆరిన పంచె చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. పెణ్ణమ్మ వచ్చి కోడలి చేతిలోంచి డబ్బా తీసుకుని మూత పెట్టింది.

“ఎన్నాళ్ళ నుంచి అమ్మచ్చీ?”

“లెంట్ ఉపవాసాలు అయిపోయిన దగ్గర్నించి.”

“ఎందుకు?”

“ఎందుకని నువ్వడుగుతున్నావా?” పెణ్ణమ్మ గొంతు పెంచలేదు. “మా అన్నయ్యకి షుగరుతో మోకాలి కింద కాలు తీసేశారు, తెలుసుగా. పుట్టులో పిండి ఎక్కువని హాల్లో మైకు పెట్టి చెప్పింది నువ్వే. చర్చి గోడ అవతల నిలబడి విన్నాను. ఆయన రోజూ ఆరు వేళ్ళు తింటున్నాడు. తగ్గించమంటే వినడు. సగం తగ్గించాను. మంచిదనే చేశాను.”

“నాతో ఒక్క మాట చెప్పాల్సింది.”

“నీతోనా?” పెణ్ణమ్మ నవ్వింది. ఆ నవ్వులో చెలిమి లేదు. “నువ్వు మొదటిరోజు ఇంట్లో ఆయనకి నేర్పుతుంటే నేనూ వచ్చి పక్కన కూర్చున్నాను. ఏమన్నావో గుర్తుందా? ‘మీకిది అర్థం కాదులెండి అమ్మచ్చీ, అప్పచ్చన్‌కి చెప్తాను’ అన్నావు. వెళ్ళి టీ పెట్టాను. మూడేళ్ళయింది. నలభై నాలుగేళ్ళుగా ఆ మనిషి కంచంలో వడ్డిస్తున్న నాకు, కంచంలో ఏముందో అర్థం కాదన్నావు.”

సెలిన్‌కి ఆ మాట అన్నట్టు గుర్తు లేదు. అలాంటి మాట తను అనగలదని మాత్రం ఆమెకి తెలుసు.

“రేపట్నుంచి మామూలు పిండితోనే చేస్తాను. ఇది ఇక్కడితో అయిపోయింది,” అంది పెణ్ణమ్మ. “హాల్లో అడుగుతారు. లెక్క నేనే తప్పు చెప్పానని ఒప్పుకో.”

“అలా ఎలా చెప్తాను?”

“నువ్వు తప్పు చేశావంటే నాలుగు రోజులు తిడతారు, మర్చిపోతారు. నేను చేశానంటే ఆయన ఇంక నా చేతి తిండి తినడు. నీకు తెలీదు ఆయన సంగతి. సొంత చెల్లెలు కొట్లో కొన్న కారప్పొడి వేసి, ఇంట్లో దంచానని చెప్పింది. ఆ ఒక్క అబద్ధానికి పదకొండేళ్ళు ఆవిడ ఇంట్లో మంచినీళ్ళు ముట్టలేదు. ఆవిడ పోయినప్పుడు కూడా బయటే నిలబడ్డాడు.”

డబ్బాను చంకలో పెట్టుకుని పెరట్లోకి వెళ్ళింది. కోళ్ళు పరుగెత్తుకొచ్చిన చప్పుడు వినిపించింది.

బుధవారం సెలిన్ ఆస్పత్రికి వెళ్ళేసరికి పడవ నడిపే పత్రోసు బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. పెదవులు ఎండిపోయి, కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. షుగర్ నాలుగొందల పన్నెండు. ఔసేపు పడిన రోజు నుంచి ఇన్సులిన్ మానేశాడట. ఎందుకు మానేశావని అడిగితే గోడవైపు తిరిగాడు.

“నీ మామనే నువ్వు పడేశావు. నేనెంత?” అన్నాడు.

నేర్చుకునేవాళ్ళలో ఏడుగురు సూదులు మానేశారని, జోలీ ఇంటింటికీ వెళ్ళి లెక్క తప్పని చెప్పి వచ్చిందని మరో నర్సు చెప్పింది. ఈ గురువారంతో క్లాసు మూసేయమని చర్చి ఫాదరుకి కూడా చెప్పిందట.

పత్రోసు చేతికి సెలైన్ ఎక్కుతుంటే సెలిన్ పక్కనే నిలబడింది. తప్పు నాదే అని ఆమె ఒప్పుకుంటే అత్త కాపురం నిలుస్తుంది. లెక్క తప్పన్న మాట మాత్రం ఊళ్ళో నిజమైపోతుంది. ఏడుగురు పద్నాలుగు మంది అవుతారు. అందరూ పత్రోసులాగా వేళకి ఆస్పత్రికి రారు.

ఆ సాయంత్రం సిబికి జరిగింది చెప్పింది. అతను వింటూ అన్నం కలుపుతూనే ఉన్నాడు, తినలేదు. చివరికి ఒక్క మాట అన్నాడు.

“మా అమ్మ పేరు ఎత్తావంటే నేను నిన్ను క్షమించను. ఎత్తకపోతే నిన్ను నువ్వు క్షమించుకోవు. నన్ను అడగకు.”

గురువారం హాలు నిండింది. ఎప్పుడూ రానివాళ్ళు కూడా వచ్చారు. జోలీ తండ్రిని చెయ్యి పట్టి తీసుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టి, పక్కనే కూర్చుంది. ఫాదరు మూలన కుర్చీలో ఉన్నాడు. పత్రోసు చేతికి ప్లాస్టరుతో వచ్చాడు. చిట్టచివరి బెంచీలో, తలుపు పక్కన, పెణ్ణమ్మ. ఆమె ఆ హాల్లో క్లాసుకి రావడం అదే మొదలు.

సెలిన్ బల్ల మీద రోజూలాగే తూకం యంత్రం, అన్నం గిన్నె పెట్టింది. ఎవరూ పుస్తకాలు తెరవలేదు.

జోలీ లేచి, ఇక్కడ మందులు రాసే అధికారం ఎవరికుందో ఫాదరే చెప్పాలంది. వెనక బెంచీల్లో అవునవునన్నారు. ఒకావిడ తన పుస్తకం తెచ్చి బల్ల మీద పడేసి, ఇంక తనకి అక్కర్లేదంది. దాని మీద ఇంకొకటి పడింది. సెలిన్ వాటిని సర్దలేదు.

అప్పుడు ఔసేపు లేచాడు. హాల్లో ఆయన కోడల్ని టీచర్ అనే పిలుస్తాడు.

“టీచర్. ఆదివారం ఆరు వేళ్ళ పుట్టు తిన్నాను. అరవై గ్రాములు. పది యూనిట్లు. ఇందులో నా తప్పేదో చెప్పండి.”

“మీ లెక్క తప్పు కాదు అప్పచ్చన్.”

“మరి నేనెందుకు పడ్డాను?”

సెలిన్ ఆయన్నే చూస్తూ మాట్లాడింది. వెనక్కి చూడకూడదని గట్టిగా అనుకుంది.

“నా పాఠం తప్పు. మూడేళ్ళుగా తినేవాళ్ళకే నేర్పాను. వండేవాళ్ళని ఒక్కరినీ పిలవలేదు. రావాలనుకున్నవాళ్ళకి మీకు అర్థం కాదని చెప్పాను. కంచంలో ఏముందో తెలియకుండా పైనుంచి కొలిస్తే లెక్క ఎంత సరిగ్గా ఉన్నా మనిషి పడిపోతాడు. ఆ తప్పు నాది.”

అది నిజమే. అంతటితో ఆగుతుందని ఆమె ఆశపడింది.

జోలీ ఆగనివ్వలేదు. “ఏమిటి, ఇప్పుడు మా అమ్మ మీదికి నెడుతున్నావా?”

హాలంతా వెనక్కి తిరిగింది. సెలిన్ కాదనలేదు.

ఔసేపు కూడా తిరిగాడు. కట్టు కింద నుంచి భార్యని చాలాసేపు చూశాడు.

“పెణ్ణమ్మా.”

ఆమె లేచి నిలబడింది. ముందు బెంచీ అంచు పట్టుకుంది.

“సగం బియ్యప్పిండి, సగం పిప్పి,” అంది. “ఇరవై ఆరు రోజులు.”

“కోళ్ళకి వేసే పిప్పా?”

“అదే.”

హాల్లో ఎవరో ఒకరు కిసుక్కున నవ్వారు. ఎవరో తెలియదు. ఆ నవ్వు లేకపోతే ఇంకోలా జరిగేదేమో. ఈ నెలంతా ఔసేపు రేవులో కనబడ్డవాళ్ళందరికీ, తన ఇంట్లో పుట్టు ఇంత మెత్తగా ఎన్నడూ రాలేదని చెప్పుకున్నాడు. ముప్పై ఏళ్ళు నాలుకతో బతికిన మనిషి.

“బాగుందన్నాను కదా నీతో.”

“అన్నారు.”

“రోజూ అన్నాను.”

“రోజూ అన్నారు,” అంది పెణ్ణమ్మ. “అనకండి అని ఎలా చెప్పను?”

ఔసేపు పంచె అంచు పైకి మడుచుకుని, బెంచీల మధ్య నుంచి ఆమెను దాటుకుంటూ బయటికి నడిచాడు. దాటేటప్పుడు పక్కకి ఒదిగాడు, ఆమె చీర తగలకుండా.

జోలీ తల్లి ముందు ఒక్క క్షణం ఆగింది. తర్వాత తండ్రి వెనకాల పరుగెత్తింది. పెణ్ణమ్మ కూడా వెళ్ళింది.

హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. ఫాదరు లేచి నిలబడ్డాడు. పత్రోసు గొంతు సవరించుకున్నాడు. అయితే లెక్క సరైనదేనా, తను రాత్రికి సూది వేసుకోవాలా అని అడిగాడు. అడగడంలో కూడా కోపం తగ్గలేదు.

“వేసుకోవాలి చేట్టా. మీ ఇంట్లో అన్నం ఎవరు వండుతారు?”

“మా కోడలు.”

“వెళ్ళి పిలుచుకురండి. ఇప్పుడే. అందరూ వెళ్ళి ఇంట్లో వండేవాళ్ళని పిలుచుకురండి.”

కొందరు లేచారు. కొందరు కదల్లేదు. బల్ల మీద పడేసిన పుస్తకాలు అక్కడే ఉన్నాయి. సెలిన్ బయటికి వచ్చింది.

చర్చి ఆవరణలో కారు ఇంజను అప్పటికే మోగుతోంది. ఔసేపు ముందు సీట్లో కూర్చుని ఎదురుగా కాలువనే చూస్తున్నాడు. ఒళ్ళో బట్టల సంచి, చొక్కా జేబులో ఇన్సులిన్ పెన్ను. పెణ్ణమ్మ కారుకి నాలుగడుగుల దూరంలో ఆగిపోయింది. అంతకంటే దగ్గరికి వెళ్ళలేదు.

ఆయన తలుపు అద్దం పైకి ఎక్కించాడు. అది ఆమె ముఖం మీదే మూసుకున్నట్టయింది.

“చేచ్చీ, ఆయన ఎనిమిదింటికి అన్నం తింటారు,” అంది సెలిన్.

జోలీ వినిపించుకోలేదు. కారు వెనక్కి తీసి గేటువైపు తిప్పింది. తిప్పి, ఆపింది. తనవైపు అద్దం దించింది. తమ్ముడి భార్యని అడగడానికి మనసొప్పక తల్లినే అడిగింది.

“రాత్రికి ఏం పెట్టాలి?”

ఆ ప్రశ్నకి నలభై నాలుగేళ్ళుగా ఎవరి సాయమూ లేకుండా జవాబు చెప్పుకున్న మనిషి పెణ్ణమ్మ. నెమ్మదిగా తల తిప్పి కోడలివైపు చూసింది. ఆ చూపులో స్నేహం లేదు, క్షమాపణ లేదు. నువ్వే చెప్పు అని మాత్రం ఉంది.

“ఏం పెట్టినా ఫరవాలేదు,” అంది సెలిన్. “ఎంత పెట్టారో మీకు తెలియాలి. తెలియకుండా పెట్టి, ఆయన సూది వేసుకుంటే ఆదివారంలాగే అవుతుంది. భయపడి వేసుకోకపోతే పత్రోసులాగా అవుతుంది. నేర్చుకోవడానికి రెండు గంటలు చాలు. నాతో, అమ్మచ్చితో కూర్చోవాలి. దిగండి.”

“పోనివ్వు,” అన్నాడు ఔసేపు, కాలువ మీది నుంచి చూపు తిప్పకుండా.

జోలీ చేయి గేరు మీద ఉంది. తండ్రి వైపు చూసింది. కట్టు పక్కన ఆయన కణత మీద సన్నగా చెమట మెరుస్తోంది. అది ఉక్కపోతకి పట్టిందో, షుగరు పడిపోతూ పట్టిందో ఆమెకి తెలియదు. తెలుసుకోవడం ఎలాగో కూడా తెలియదు.

“పోనివ్వమన్నానా,” అన్నాడాయన మళ్ళీ.

ఆమె గేరు వెయ్యలేదు. ఇంజనూ ఆపలేదు.